ఆస్ట్రేలియా జూకి వెళ్తున్నారా? ముందు మొసలి టైమ్ చూసుకోండి

బ్రిస్బేన్ దగ్గరున్న ఆస్ట్రేలియా జూకి మొదటిసారి వెళ్లినప్పుడు మేం మొసళ్ల షో చూడకుండానే వచ్చేశాం. తప్పు మాదే. హైదరాబాద్‌లో నెహ్రూ జూ పార్కుకి వెళ్లినట్టే వెళ్లాం. ఇంట్లో తీరిగ్గా టిఫిన్లు చేసి, పదకొండు దాటాక గేటు లోపలికి అడుగుపెట్టి, మ్యాపులో మొదటి బొమ్మ నుంచి వరసగా చూసుకుంటూ పోదామనుకున్నాం. పులుల దగ్గర ఉండగా ఎక్కడో దూరంగా చప్పట్లు వినిపించాయి. అదేంటో కనుక్కుని పరుగెత్తేసరికి జనం స్టేడియంలోంచి బయటికి వచ్చేస్తున్నారు. మా పాప ఏడుపు రైలెక్కేదాకా ఆగలేదు.

ఆ తర్వాత మూడుసార్లు వెళ్లాను. అందులో ఒకసారి అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు. ఇప్పుడు బ్రిస్బేన్‌కి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరడిగినా ఒకటే చెబుతాను. అక్కడ ఎన్ని జంతువుల్ని చూశామన్న లెక్క పెట్టుకోకండి. జంతువుల్ని చూసుకునే కీపర్లు వాటి గురించి ఎక్కడ, ఎన్నింటికి మాట్లాడతారో చూసుకుని దాన్నిబట్టి నడవండి. ఆ మాటలు వినకపోతే మీరు డబ్బులు పెట్టి చూసింది ఒక పెద్ద పార్కు, అంతే.

ముందుగా, ఇది ఎవరి జూ?

మనకి జూ అంటే సర్కారుదే. హైదరాబాద్‌ది, విశాఖది, తిరుపతిది, అన్నీ అటవీ శాఖ చేతిలోవే. ఇది మాత్రం ఒక ఇంటివాళ్ల సొంత జూ. "ప్రైవేటు జూ అంటే జంతువుల్ని ఆడించి డబ్బు చేసుకోవడమేగా?" అని మా ఆయన మొదట్లో అన్నాడు. ఆ అనుమానం ఉంటే మంచిదే, దాంతోనే వెళ్లండి.

బాబ్ ఇర్విన్ ప్లంబింగ్ పని చేసేవాడు. భార్య లిన్ కాన్పుల వార్డులో నర్సు. ఇద్దరూ మెల్‌బోర్న్ వదిలి క్వీన్స్‌లాండ్‌లోని బీర్వా అనే చిన్న ఊరికి వచ్చి, 1970 జూన్ 3న పాములూ మొసళ్లతో ఒక పార్కు తెరిచారు. తల్లి చనిపోయిన కంగారూ పిల్లల్ని లిన్ ఇంట్లోనే సాకేది. ఆ ఇంట్లో పెరిగినవాడే స్టీవ్ ఇర్విన్. ఆరో పుట్టినరోజుకి అతనికి దక్కిన బహుమతి ఒక కొండచిలువ. పెద్దయ్యాక ప్రభుత్వ మొసళ్ల కార్యక్రమంలో స్వచ్ఛందంగా చేరి, ఊళ్ల దగ్గరికి వచ్చిన మొసళ్లని చంపకుండా పట్టి తెచ్చేవాడు. 1991లో పార్కు బాధ్యత తీసుకున్నాడు. అదే ఏడు అమెరికా నుంచి టూరిస్టుగా వచ్చిన టెర్రీ అక్కడే అతన్ని చూసింది, మరుసటి ఏడాది పెళ్లి. ఆ హనీమూన్‌లో మొసళ్లని పడుతూ తీసిన వీడియోతోనే వాళ్ల టీవీ కార్యక్రమం మొదలైంది. మనలో తొంభైల పిల్లలకి ఖాకీ నిక్కరు వేసుకుని మొసలి మీదికి దూకే ఆ మనిషి గుర్తుండే ఉంటాడు. 1998లో పార్కుకి ఆస్ట్రేలియా జూ అని పేరు మార్చారు. 2006 సెప్టెంబర్ 4న సముద్రంలో షూటింగ్ చేస్తుండగా టేకు చేప ముల్లు గుచ్చుకుని స్టీవ్ చనిపోయాడు. ఇప్పుడు జూని టెర్రీ నడుపుతోంది. కూతురు బిండీ, అల్లుడు, కొడుకు రాబర్ట్ అందరూ అందులోనే పనిచేస్తారు.

బిండీ అంటే మన బొట్టు బిళ్ల కాదు. స్టీవ్‌కి ఇష్టమైన ఒక ఆడ మొసలి పేరు అది. కూతురికి మొసలి పేరు పెట్టుకున్న ఇంటికి వెళ్తున్నామని గుర్తుంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఎప్పుడు వెళ్లాలి

ఇక్కడి ఋతువులు మనకి తలకిందులు. ఊళ్లో ఎండలు మండే మే నెలలో ఇక్కడ హాయిగా చల్లబడుతుంది. అమ్మానాన్నల్ని వేసవి సెలవుల్లో పిలిపించుకునేవాళ్లకి ఇది భలే కలిసొస్తుంది. మే నుంచి ఆగస్టు దాకా వానలు తక్కువ, ఎండ మెత్తన. పొద్దున మాత్రం స్వెట్టర్ కావాలి. డిసెంబర్, జనవరి నెలల్లో ఉక్కపోత, సాయంత్రం ఉరుముల వాన, పైగా స్కూలు సెలవుల జనం. ఆ రెండు నెలలూ తప్పించుకోగలిగితే తప్పించుకోండి.

జూ పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం ఐదుకి మూసేస్తారు. క్రిస్మస్ రోజు సెలవు. నవంబర్ 15ని స్టీవ్ ఇర్విన్ డే అంటారు. ఆ రోజు వెళ్తే సగం జనం ఖాకీలోనే కనిపిస్తారు.

ఎలా చేరాలి

బ్రిస్బేన్ నుంచి ఉత్తరంగా కారులో గంట. జూ ఉన్న రోడ్డు పేరే స్టీవ్ ఇర్విన్ వే. దారిలో గ్లాస్ హౌస్ కొండలు వస్తాయి. మైదానంలో ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు విడివిడిగా ఉండే రాతి శిఖరాలు. అమ్మ చూసి "మన కోటప్పకొండలాంటివి ఇక్కడ డజను ఉన్నాయే" అంది.

కారు లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. నాంబోర్ వైపు వెళ్లే రైలెక్కి బీర్వాలో దిగాలి. 2024 ఆగస్టు నుంచి క్వీన్స్‌లాండ్‌లో లోకల్ రైళ్లకీ బస్సులకీ టికెట్ 50 సెంట్లే. అంత దూరానికీ అంతే. అయితే ఈ లైన్లో రైళ్లు తరచుగా ఉండవు, ఒకటి తప్పితే ప్లాట్‌ఫామ్ మీద చాలాసేపు కూర్చోవాలి. స్టేషన్ నుంచి జూకి వాళ్ల ఉచిత బస్సు ఉంటుంది. అది ఏ రైలుకి వస్తుందో ముందు రోజు రాత్రే వాళ్ల సైట్లో చూసి పెట్టుకోండి. తిరుగు రైలు టైమ్ కూడా అప్పుడే ఫోన్లో రాసుకోండి.

టికెట్ చవక కాదు. ఆన్‌లైన్‌లో కొంటే గేటు దగ్గర క్యూ తప్పుతుంది. ఏడాదిలో ఇంకోసారి వెళ్లే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా, ముఖ్యంగా ఇంటికి చుట్టాలు వస్తూ పోతూ ఉంటే, వార్షిక పాస్ లెక్క ఒకసారి వేసుకోండి. మేం రెండోసారికి అదే తీసుకున్నాం.

గేటు దాటగానే చేసే పని

ఆగండి. ఏ జంతువు దగ్గరికీ వెళ్లకండి. ఆ రోజు కార్యక్రమాల పట్టిక తీసుకుని పక్కన బెంచీ మీద కూర్చోండి. రోజంతా ఎక్కడో ఒకచోట ఏదో ఒక కీపర్ మాట్లాడుతూనే ఉంటారు. అన్నిటికీ వెళ్లలేరు, జూ చాలా పెద్దది. మొసళ్ల షో సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతాల ఉంటుంది. దాని చుట్టూ గుండ్రంగా గీత గీసి, దానికి ముందు రెండు, తర్వాత రెండు ఎంచుకోండి. అంతకు మించి వద్దు.

మా లెక్క ఇలా కుదిరింది. తొమ్మిది నుంచి పదిన్నర దాకా కంగారూలూ కోలాలూ. పదకొండున్నరకల్లా స్టేడియంలో సీటు. షో అయ్యాక భోజనం. తర్వాత అక్కడి వన్యప్రాణుల ఆసుపత్రి. ఓపిక మిగిలితే చివర్లో ఆఫ్రికా వైపు. అక్కడ జిరాఫీలు, జీబ్రాలు, ఖడ్గమృగాలు ఒకే మైదానంలో కలిసి తిరుగుతుంటాయి. అది దూరం. లోపల షటిల్ బండి ఉంటుంది, పెద్దవాళ్లుంటే అదే ఎక్కండి.

పొద్దున: కంగారూలు, కోలాలు

కంగారూలు కంచె లేని పెద్ద పచ్చిక మీద ఉంటాయి, మనమే వాటి మధ్యకి వెళ్తాం. పొద్దునే ఎందుకంటే అప్పుడే ఆకలి మీద ఉంటాయి. మధ్యాహ్నానికి అందరి చేతుల్లోవీ తిని, చెట్టు కింద మన పెద్ద బావగార్లలా ఒక మోచేతి మీద ఒరిగి పడుకుంటాయి.

మేత జూలోనే కొనాలి. ఇంటి నుంచి బ్రెడ్డు తేవద్దు. మెత్తటి తిండి పళ్ల సందుల్లో ఇరుక్కుని, చిగురు చీము పట్టి, దవడ వాచిపోతుంది. చాలా కంగారూలు దాంతోనే చస్తాయి. మేత అరచేతిలో పరిచి, చెయ్యి బల్లపరుపుగా పెట్టి, దాని గడ్డం కిందకి చాచాలి. నెత్తి మీద నిమరబోతే బెదురుతుంది. మెడ కింద, ఛాతీ మీద నిమిరితే ఊరుకుంటుంది. లేచి వెళ్లిపోతే వెనకపడొద్దు.

అమ్మ మొదట దూరంగా నిలబడింది. "పెద్ద ఎలకలా ఉందే, నేను రాను" అని. ఒక ఆడ కంగారూ తనే గెంతుకుంటూ వచ్చి, ముందు కాళ్లు రెండూ అమ్మ మణికట్టు మీద ఆన్చి, చెయ్యి కిందకి వంచుకుని తినడం మొదలుపెట్టింది. నల్లటి గోళ్లు, వాటి మధ్య అమ్మ గాజులు. కడుపు సంచిలోంచి ఒక పొడుగాటి కాలు బయటికి వేలాడుతోంది, పిల్ల తలకిందులుగా పడుకుంది మరి. అమ్మ ఊపిరి బిగబట్టి, "కదలకవే, కాలు చూడు, కాలు చూడు" అని గుసగుసగా నన్ను పిలిచింది. ఆ రోజు మేం చూసిన వాటిల్లో అమ్మ తెనాలికి ఫోన్ చేసి చెప్పింది ఆ కాలు గురించే.

కోలా ఎలుగుబంటి కాదు, సంచి ఉన్న జంతువే. రోజుకి ఇరవై గంటల దాకా నిద్రపోతుంది. బద్ధకం కాదు పాపం, అది తినే యూకలిప్టస్ ఆకుల్లో బలం తక్కువ, విషం ఎక్కువ. అరిగించుకోవడానికే ఒళ్లంతా అలిసిపోతుంది. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లలో కోలాలని 2022లో అంతరించే ప్రమాదం ఉన్న జాతిగా ప్రకటించారు. ఇళ్ల కోసం చెట్లు కొట్టేయడం, కార్లు, కుక్కలు, క్లమీడియా అనే జబ్బు కారణాలు. కోలాని ఎత్తుకుని ఫొటో దిగడం న్యూ సౌత్ వేల్స్‌లో కుదరదు, క్వీన్స్‌లాండ్‌లో కుదురుతుంది. ఒక్కో కోలా చేత ఎంతసేపు ఆ పని చేయించవచ్చో నిబంధనలున్నాయి. నన్నడిగితే ఆ డబ్బులు మిగుల్చుకుని, కీపర్ పక్కన నిలబడి వీపు నిమిరి రండి.

పన్నెండు గంటలకి: మొసలి

స్టేడియం పేరు క్రోకోసియం. అయిదు వేల మందికి పైగా పడతారు. ముందు పక్షులు వచ్చి మన తలల మీదుగా ఎగురుతాయి, తర్వాత మొసలి. పిల్లలు ముందు వరసలే అడుగుతారు కానీ, కొంచెం పైన కూర్చుంటేనే నీళ్ల లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. ఆ కొలనులో నీళ్లు తేటగా ఉంచుతారు. అందులోనే ఉంది కిటుకంతా.

మామూలుగా మొసలి ఉండే చోట నీళ్లు బురదగా ఉంటాయి, అది కదిలినట్టే తెలీదు. ఇక్కడ తెలుస్తుంది. కీపర్ గట్టు మీద నడుస్తుంటే, నీళ్ల కింద ఆ నాలుగు మీటర్ల శరీరం కాళ్లు ఒంటికి ఆన్చుకుని, తోక మాత్రం మెల్లగా ఆడిస్తూ అతని వెంటే వస్తుంది. పైన ఒక్క అల లేదు, ఒక్క బుడగ లేదు. అతను ఆగితే అదీ ఆగుతుంది. మాంసం ముక్క చూపించిన క్షణంలో నీళ్లు పగిలినట్టయి సగం ఒళ్లు గాల్లో ఉంటుంది. దవడలు మూసుకున్న చప్పుడు పై వరసకి కూడా వినిపిస్తుంది, చెక్క తలుపు దభాలున వేసినట్టు. గజేంద్రుడి కాలు పట్టుకున్నది చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఎలా పట్టుకుని ఉంటుందో నాకు అక్కడే తెలిసింది.

షో అంటే షోనే. పాటలు, అరుపులు, డ్రమ్ములు కొంచెం ఎక్కువే అనిపిస్తాయి. ఈ కుటుంబం చేసినవన్నీ ఒప్పేనని కూడా నేననను. 2004 జనవరిలో స్టీవ్ నెల పిల్లాడైన రాబర్ట్‌ని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మొసలికి మాంసం వేసినప్పుడు లోకమంతా తిట్టింది. తిట్టాల్సిందే. కానీ డ్రమ్ముల మధ్యలో కీపర్ చెప్పే నాలుగు మాటలు చెవిన వేసుకోండి, ఉత్తరాన కెయిర్న్స్ వైపు సెలవులకి వెళ్లే మనవాళ్లకి అవి ప్రాణం కాపాడే మాటలు. నీటి అంచు నుంచి కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. గుడారం వేస్తే 50 మీటర్లు. రోజూ ఒకే వేళకి ఒకే చోట నీళ్ల దగ్గరికి వెళ్లకూడదు, మొసలి ఆ వేళ గుర్తుపెట్టుకుంటుంది.

"ప్రమాదమైతే పట్టి దూరంగా వదిలేయొచ్చుగా?" అని మా పాప అడిగింది. దానికీ జవాబుంది. స్టీవ్, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి మొసళ్లకి ట్రాకర్లు కట్టారు. ఒక పెద్ద మగ మొసలిని హెలికాప్టర్‌లో క్వీన్స్‌లాండ్ ఉత్తరపు కొసన ఉన్న కేప్ యార్క్ ద్వీపకల్పం పడమటి ఒడ్డు నుంచి తూర్పు ఒడ్డుకి తీసుకెళ్లి వదిలితే, కొన్నాళ్లు అక్కడే ఉండి, తర్వాత 20 రోజుల్లో 400 కిలోమీటర్లకి పైగా తీరం చుట్టుకుని ఇంటికొచ్చేసింది. ఆ ఫలితాలు స్టీవ్ పోయిన మరుసటి ఏడాది, 2007లో అచ్చయ్యాయి. ఆ ఉత్తరపు కొసలోనే స్టీవ్ ఇర్విన్ పేరుతో 3,30,000 ఎకరాల అభయారణ్యం ఉంది. మొసళ్ల పరిశోధన అక్కడ ఇంకా సాగుతోంది.

భోజనం

లోపల ఫుడ్ కోర్టు ఉంది. శాకాహారులకి దొరికేది చిప్స్, ఇంకేదో ఒకటి. మేం పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పట్టుకెళ్లి చెట్టు కింద కూర్చున్నాం. డబ్బా తెరిచేముందు చుట్టూ చూసుకోండి, ఐబిస్ అనే పొడుగు ముక్కు తెల్లకొంగలు ఊరంతా తిరుగుతుంటాయి. అప్పడం ఒకటి మా పాప చేతిలోంచే పోయింది. మిగిలింది ఏ జంతువుకీ పెట్టకండి.

టోపీ, సన్‌స్క్రీన్ తప్పదు. "మనం ఎండలో పుట్టినవాళ్లం, మనకెందుకు" అంటాం కానీ ఇక్కడి ఎండ వేడిగా ఉండదు, కాలుస్తుంది. నీళ్ల సీసా, నడిచే బూట్లు. చెప్పులు వద్దు.

మధ్యాహ్నం: ఆసుపత్రి తప్పకుండా చూడండి

చాలామంది దీన్ని వదిలేసి వచ్చేస్తారు. నా లెక్కలో టికెట్ డబ్బులకి అసలైన గిట్టుబాటు ఇక్కడే.

స్టీవ్ తల్లి లిన్ 2000లో కారు ప్రమాదంలో చనిపోయింది. ఆమె జ్ఞాపకంగా 2004లో వన్యప్రాణుల ఆసుపత్రి కట్టారు. ఇప్పటిదాకా లక్షకి పైగా జంతువులకి వైద్యం చేశారు. అవి జూలో ఉండేవి కావు, అడవిలోవి, రోడ్డు పక్కవి, ఎవరో అట్టపెట్టెలో పెట్టి తెచ్చినవి. నయమయ్యాక మళ్లీ అడవికే. లోపలి సంగతులు చెప్పే చిన్న టూర్‌కి కొంచెం అదనంగా చెల్లించాలి, పొద్దునే అడిగి పేరు ఇవ్వండి. మెత్తటి మనసున్న పిల్లలైతే ముందే చెప్పి తీసుకెళ్లండి, కట్లు కట్టిన కోలాని చూసి మా పాప చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ వారం ఎక్కువగా ఏం వచ్చాయి, ఎందుకు? వసంతంలో అయితే కోలాలు. జత కోసం మగవి నేల మీద నడిచి రోడ్లు దాటుతాయి. మిగతా రోజుల్లో గేలాల దారం మింగిన తాబేళ్లు, పళ్లచెట్ల వలల్లో రెక్కలు చిక్కుకున్న గబ్బిలాలు. పెరట్లో జామచెట్టుకి మనవాళ్లం వేసే వలే అది! కంతలో చిటికెన వేలు దూరితే ఆ వల ప్రమాదం. దూరనంత సన్నటి వలే వాడాలి. ఇంటికొచ్చి మా జామచెట్టు వల నేను మార్చాను.

తాబేళ్లంటే గుర్తొచ్చింది. బాబ్, స్టీవ్ 1990లో బర్డెకిన్ నది వైపు చేపలకి వెళ్లి చూసిన ఒక తాబేలు అంతవరకూ ఎవరూ నమోదు చేయనిది. 1997లో దానికి ఇర్విన్‌ల పేరే పెట్టారు. ఇదే జూలో హ్యారియట్ అనే పెద్ద గలపాగస్ తాబేలు 2006 దాకా బతికింది, వయసు దాదాపు 175 అని అంచనా. డార్విన్ తెచ్చిందేనని చెప్పుకుంటారు కానీ శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోరు.

తిరుగు దారిలో

కారులో వచ్చినవాళ్లకే ఈ ముక్క. చీకటి పడే వేళ కంగారూలు రోడ్ల మీదికి వస్తాయి. బండి మెల్లగా పోనివ్వండి. అడ్డొస్తే స్టీరింగ్ గబుక్కున తిప్పకుండా బ్రేక్ వేయండి.

ఒకవేళ రోడ్డు పక్కన దెబ్బతిన్న కంగారూ కనిపిస్తే, కారు క్షేమంగా ఆపగలిగితేనే దిగండి. బతికున్న పెద్ద జంతువుని ముట్టుకోకండి, కాలితో తంతే పేగులు బయటికొస్తాయి. వన్యప్రాణుల ఆసుపత్రికి ఫోన్ చేసి, ఉన్న చోటు కచ్చితంగా చెప్పండి. ఆ నంబర్ జూలో ఉండగానే సేవ్ చేసుకోండి. తల్లి చనిపోయినా సంచిలో పిల్ల బతికుండవచ్చు. సంచి తెరిచి చూడండి. పిల్ల నోట్లో చన్ను ఉంటే లాగొద్దు, నోరు చీరుకుపోతుంది. ఫోన్లో వాళ్లు చెప్పినట్టే చేయండి. పిల్ల బయట పడి ఉంటే గుడ్డలో చుట్టి, వెచ్చగా, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచండి. పాలు పట్టొద్దు, ఆవుపాలు వాటికి పడవు. పిల్లలు ముద్దొచ్చి మాటిమాటికీ గుడ్డ తీసి చూస్తారు, చూడనివ్వొద్దు.

చుట్టడానికి అన్నిటికంటే మంచిది పాత దిండు గలీబు. తల్లి సంచిలాగే ఉంటుంది, అందులో పిల్ల తనంతట తనే తలకిందులుగా దొర్లి సర్దుకుంటుంది. కీపర్ ఈ మాట చెబుతున్నప్పుడు అమ్మకి ఇంగ్లీషు అర్థం కాక నన్ను తెలుగులో చెప్పమంది. చెప్పాను. తెనాలి ప్రయాణానికి రెండు రోజుల ముందు అమ్మ మా ఇంట్లో వెలిసిపోయిన గలీబులన్నీ ఏరి, ఉతికి, ఆరేసి, లోపలి కుట్లకి వేలాడే దారాలు పిల్ల గోళ్లకి చుట్టుకుంటాయని ఒక్కొక్కటీ కత్తిరించి, మడతపెట్టి కారు డిక్కీలో పెట్టింది.